ఊయల కారు

ఆ కారెక్కితే ఎంతటివాళ్లకైనా కునుకు పట్టి తీరుతుందని ఆ పేటలో పేరు పడిపోయింది. పసిపిల్లల తల్లులైతే దాన్ని ఊయల కారు అనే పిలిచేవాళ్లు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పాలు పట్టి చూసి, ఎత్తుకుని తిప్పి చూసి, భుజాన వేసుకుని జోకొట్టి చూసి, ఇక తమవల్ల కాదని చేతులెత్తేశాక ఆ పాత తెల్ల టాక్సీకి ఫోన్ చేసేవాళ్లు. కారు రెండు వీధులు తిరిగేసరికి బిడ్డ మెడ వాల్చేసేది. ఇంకో వీధి తిరిగేసరికి తల్లి కూడా వాల్చేసేది. ఆ పైన వెనక సీట్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

టాక్సీ డ్రైవరుకు ఇది చెప్పుకోలేనంత గొప్ప. చెప్పుకోలేనంత అన్నది మాటవరసకే గానీ, ఆయన చెప్పుకోని రోజు లేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొట్ట స్టీరింగుకు ఆనుతుంది, మోకాళ్లు కలుక్కుమంటాయి. అయినా స్టాండులో టీ గ్లాసు చేతికి రాగానే తోటి డ్రైవర్లకు పాఠం మొదలుపెట్టేవాడు.

"క్లచ్చి మీద కాలు పెట్టడం ఎవడైనా పెడతాడు. తీయడంలోనే ఉందిరా అంతా. వెనక కూర్చున్నవాళ్లకి కడుపులో చల్ల కదలకూడదు."

"నీ కాలికి దండ వేసి ఊరేగించాలి గురూ" అనేవాళ్లు వాళ్లు ఎకసెక్కంగా. దాన్ని కూడా ఆయన మెప్పు కిందే జమకట్టుకునేవాడు.

పాపం, ఆ మాత్రం మెప్పు కోసం ఆయన చాలాకాలమే మొహం వాచి ఉన్నాడు. ఎందుకంటే అంతకుముందు అదే కారుకు ఉన్న పేరు దోమల మందు బండి. ఎక్కడ ఆగి కదిలినా వెనక గొట్టంలోంచి నీలంగా పొగ లేచేది. వీధిలో పిల్లలు కేకలు పెట్టుకుంటూ ఆ పొగలో పడి పరిగెత్తేవాళ్లు. ఆరేసిన బట్టలకు వాసన పడుతోందని ఆడవాళ్లు మేడల మీదినుంచే తిట్టిపోసేవాళ్లు. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఈసారి పొగ పరీక్షలో గట్టెక్కకపోతే దీన్ని నేరుగా తుక్కు కొట్టుకి తోలుకుపో పెద్దాయనా, అని మొహమ్మీదే చెప్పాడు.

తుక్కు అన్న మాట ఆయన గుండెల్లో గునపంలా దిగింది. ఆ కారు తప్ప ఆయనకు వేరే పని రాదు. అందుకే మర్నాడే బావమరిది షెడ్డుకు తోలుకెళ్లాడు.

బావమరిది మెకానిక్కు. చేతికన్నా నోరు ఎక్కువ ఆడుతుందిగానీ మనిషి మంచివాడే. అక్క మొగుడి కారని ప్రాణం పెట్టి చూసేవాడు. బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే ఆయిలు మూత విప్పాడు. ఆ కంతలోంచి పొయ్యిగూట్లోంచి వచ్చినట్లు పొగ ఎగదన్నింది.

"లోపల రింగులు అరిగిపోయాయి బావా. కాలిన గాలి కిందికి దిగి ఆయిలు గదిలో చేరుతోంది. అది బయటికి పోవడానికి ఇదిగో, ఈ రబ్బరు గొట్టం. ఇది ఆ గాలిని తీసుకెళ్లి మళ్లీ ఇంజన్ నోట్లోకే పంపిస్తుంది. గాలితోపాటు ఆయిలు కూడా పీల్చి కాల్చేస్తోంది. ఆ నీలం పొగ అదే."

"ఏం చేద్దాం మరి?"

"చేయాల్సిందైతే ఇంజన్ దించి రింగులు మార్చడం. ఇప్పుడు అంత పని మనవల్ల ఏమవుతుంది? ఈ గొట్టాన్ని నోట్లోంచి పీకేసి, ఆ కంతకి బిరడా కొడదాం. పీల్చడానికి ఆయిలే లేకపోతే పొగెక్కడిది?"

పీకాడు, బిరడా కొట్టాడు. ఊడిన గొట్టాన్ని ఊగకుండా బోనెట్ లోపలే ఒక మూలకు తీగతో కట్టాడు. వెనక పొగ పలచబడి పలచబడి మాయమైంది. కారు పొగ పరీక్షలో నెగ్గింది. బావా బావమరదులిద్దరూ షెడ్డు ముందు నిలబడి వెనక గొట్టం వంకే చూసి చూసి మురిసిపోయారు. పీకేసిన గొట్టంలోంచి వచ్చే పొగ ఇక ఎటు పోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఏళ్ల తరబడి కారు పొగంటే వెనకనుంచి వచ్చేదేనని చూసినవాళ్లు. వెనక రాకపోతే లేనట్టే లెక్క.

తర్వాత వానలు పట్టుకున్నాయి. అద్దాలన్నీ ఎత్తుకుని తిరగాల్సి వచ్చింది. ఊయల కారన్న పేరు ఆ వానల్లోనే పుట్టింది.

ఆ వానల్లోనే కూతురు కూడా చంటిపిల్లాడితో పుట్టింటికి వచ్చింది. అల్లుడిది ఓడలో ఉద్యోగం. ఎక్కితే నెలల తరబడి సముద్రం మీదే. పిల్లాడు పగలంతా బాగానే ఉండేవాడు. పొద్దు వాలడం ఆలస్యం, ఎవరో గిల్లినట్టు మొదలుపెట్టేవాడు. కాళ్లు కడుపుకు ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాడు. చంటిపిల్లల్లో ఇది మామూలే, కొన్నాళ్లకు అదే సర్దుకుంటుందని పిల్లల డాక్టరమ్మ చెప్పింది. సర్దుకునేలోపు ఈ ఇంట్లోవాళ్లు ఏమైపోవాలో మాత్రం ఆమె చెప్పలేదు.

కూతురు మనిషి మనిషిలా లేకుండా పోయింది. కూర్చుంటే లేవలేదు, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో దొరికేది, పాలసీసా బట్టల బీరువాలో దొరికేది. ఒకరోజు పిల్లాడిని చంకన పెట్టుకునే, పిల్లాడేడని ఇల్లంతా వెతికింది. తల్లి అది చూసి నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

అప్పుడు తాతకు తన కారు గుర్తొచ్చింది. ఊరందరి పిల్లల్నీ నిద్రపుచ్చే కారు ఉండగా ఇంటి పిల్లాడికి ఈ తిప్పలేమిటి? ఆ సాయంత్రమే కూతుర్నీ మనవడినీ వెనక కూర్చోబెట్టుకుని, అద్దాలు బిగించి, ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీదికి తీశాడు. పిల్లాడు చెరువు గట్టు దాకా ఏడ్చాడు. గట్టు దాటేసరికి వెక్కిళ్లు. ఆ తర్వాత అవీ లేవు. అద్దంలో చూస్తే కూతురు కూడా నోరు కొంచెం తెరుచుకుని, తల సీటుకు ఆనించి పడుకుని ఉంది. దాన్ని అంత నిశ్చింతగా చూసి ఎన్నాళ్లయిందో. ఆయనకు కళ్లు చెమర్చాయి. పెద్దగా ఏమీ సంపాదించి ఇవ్వకపోయినా నా బిడ్డకు ఈ నిద్ర ఇవ్వగలుగుతున్నానని పొంగిపోయాడు.

అప్పటినుంచి అది రోజూ పని. పగలంతా గిరాకీలు తిరిగి, సాయంత్రం ఇంటి ముందు ఒకసారి హారన్ కొట్టేవాడు. కూతురు దుప్పటి, పాలసీసా, పిల్లాడు, అన్నీ ఎత్తుకుని ఎదురుచూస్తూనే ఉండేది. ఓ గంట తిప్పి తీసుకొచ్చేవాడు. పిల్లాడిని అలాగే తీసుకెళ్లి మంచం మీద పడుకోబెడితే కదిలేవాడు కాదు. ఒక్కోసారి లేచాక పాలు కక్కేవాడు, ఒక్కోసారి పొద్దున కూడా మత్తుగానే చూసేవాడు. కానివ్వు, నిద్రపోతున్నాడు కదా అనుకునేవాళ్లు.

ఆయనకు మాత్రం ఒళ్లు హూనమైపోతుండేది. సాయంత్రమయ్యేసరికి తల దిమ్మెక్కి, కణతలు పోటెత్తి, ఇంటికొచ్చి బూట్లతోనే కుర్చీలో కూలబడేవాడు. భార్య బూట్లు విప్పుతూ సణిగేది.

"పొద్దుటినుంచీ కూర్చుని చేసే పనే కదండీ. బస్తాలు మోసినవాడిలా ఏమిటీ అలుపు?"

"వయసే."

"నాకు లేదా వయసు? నేను నిలబడే చస్తున్నాను."

ఆయన అప్పటికే కళ్లు మూసేసేవాడు. ఇంట్లో అందరూ అలసిపోయి ఉన్నప్పుడు ఎవరి అలుపు ఎందుకో ఎవరడుగుతారు? కూతురికి తలనొప్పి, నిద్ర చాలకేమో. తాతకు తలనొప్పి, పెద్దతనమేమో. పిల్లాడు వాడిపోతున్నాడు, ఏడ్చి ఏడ్చేమో. దేనికి దానికి ఒక కారణం చేతికందేచోటే దొరికింది.

ఒక మధ్యాహ్నం గిరాకీ దింపి తలుపు వేస్తుంటే వెనక అద్దం డోరు లోపలికి జారిపడింది. హ్యాండిల్ తిప్పితే ఊరికే తిరుగుతోంది, అద్దం పైకి రాదు. సరే రేపు చూద్దామనుకున్నాడు. ఆ సాయంత్రం వాన లేదుగానీ గాలి జోరుగా ఉంది. పిల్లాడికి దుప్పటి నిండా చుట్టి మామూలుగానే బయల్దేరారు.

చెరువు గట్టు దాటారు, పిల్లాడు ఆపలేదు. పాత వంతెన దాటారు, ఆపలేదు. ఆయన ఇంకా నెమ్మదిగా తోలాడు, గుంతలన్నీ తప్పించాడు, క్లచ్చి మీద కాలు ఈకలా ఎత్తాడు. ఏం చేసినా పిల్లాడు అంతకంతకూ గొంతు పెంచాడే తప్ప తగ్గించలేదు. వాడు అంత బలంగా ఏడవగలడని తాతకు ఆరోజే తెలిసింది. ఇంటి ముందు కారు ఆగేసరికి వాడితోపాటు కూతురు కూడా ఏడుస్తోంది.

"ఆ గాలికే నాన్నా. ఆ గాలికే వాడికి నిద్ర పట్టలేదు. రేపు పొద్దున్నే అద్దం బాగుచేయించు, నీకు దణ్ణం పెడతాను. ఆ గంట కూడా లేకపోతే నేను పిచ్చిదాన్నయిపోతాను."

"చేయిస్తానమ్మా. రేపే చేయిస్తాను" అన్నాడాయన. తన కారు తనని నడిబజారులో నవ్వులపాలు చేసినంత చిన్నతనంగా అనిపించింది.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్లేముందు ఆస్పత్రి గేటు దగ్గర నర్సమ్మను ఎక్కించుకోవాలి. రాత్రి డ్యూటీ దిగే మనిషి. ఎక్కిన వెంటనే నిద్రపోయేది. ఇంటి ముందు ఆగి, అమ్మా, ఇల్లొచ్చింది అని కేకేసి లేపడం ఆయనకు అలవాటు. ఆరోజు అద్దంలో చూస్తే ఆమె కళ్లు తెరుచుకునే ఉంది. తెరుస్తున్న కొట్లను చూస్తూ కూర్చుంది.

"నిద్ర పట్టలేదామ్మా? అద్దం పాడైంది, గాలి కొడుతోందా?"

"గాలే బాగుంది బాబాయ్. మీ కారు దిగాక రోజూ మధ్యాహ్నం దాకా నాకు తల పట్టేసినట్టుండేది. డ్యూటీ అలుపనుకునేదాన్ని. ఈరోజు డ్యూటీ అంతకన్నా ఘోరం, కానీ తలనొప్పి మాత్రం లేదు."

ఆయన నవ్వి ఊరుకోబోయాడు. అంతలో తన కణతల సంగతి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఇంటికెళ్లాక బూట్లు తనే విప్పుకున్నాడు. ఇప్పుడూ పోటు లేదు. అద్దం పడిపోయినప్పటినుంచీ లేదు.

ఆమె ఈసారి నర్సు గొంతుతో అడిగింది. "కారులోకి పొగేమన్నా వస్తోందా బాబాయ్?"

"పొగా? వెనక పూర్తిగా ఆగిపోయిందమ్మా. పరీక్ష కూడా నెగ్గింది."

"నేను వెనక సంగతి అడగట్లేదు. లోపలికి వస్తోందా అని. పొగ పీల్చి మత్తులో పడ్డవాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. చూస్తే హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటారు." ఆ తర్వాత చెప్పబోయిన మాట ఆమె మింగేసింది. "ఒకసారి చూపించండి. పిల్లల్ని కూడా ఎక్కించుకుంటారట కదా."

ఆమె దిగిపోయాక ఆయన చాలాసేపు కారు కదపలేదు. వెనకనుంచి ఎవరో హారన్ కొడితే ఉలిక్కిపడి తీశాడు.

షెడ్డులో బావమరిది అద్దం హ్యాండిల్ వైపు వెళ్లబోతే ఆపి, బోనెట్ ఎత్తమన్నాడు. ఇంజన్ నడుస్తుండగా ఇద్దరూ వంగి చూశారు. మూలకు తీగతో కట్టిన గొట్టం మూతి నల్లగా, ఆయిలుతో తడిసి ఉంది. దాంట్లోంచి పలచగా, తీరిగ్గా పొగ వస్తోంది. గొట్టం మూతికి జానెడు దూరంలోనే, ముందు అద్దం కింద, కారు లోపలికి గాలి తీసుకునే జాలీ ఉంది. పొగ అటూ ఇటూ పోకుండా తిన్నగా ఆ జాలీలోకి వెళుతోంది.

బావమరిది తెల్లటి కొత్త గుడ్డ ఒకటి తెచ్చి, లోపల డ్యాష్‌బోర్డు మీద గాలొచ్చే కంతకు అడ్డం పెట్టాడు. కాసేపాగి తీసి వాసన చూశాడు. బావ చేతికిచ్చాడు. ఆయన చూశాడు. కాలిన ఆయిలు వాసన. ఆ వాసన ఆయనకు కొత్త కాదు. రోజూ తన చొక్కాకు ఉండేదే. పాత కారన్నాక ఆ మాత్రం వాసన ఉంటుందని ఒక సెంటు సీసా కొని అద్దానికి వేలాడదీసింది కూడా ఆయనే.

"ఆయిలు పొగొక్కటే అయితే ఫరవాలేదు బావా. అందులో సగం కాలిన పెట్రోలు గాలి కూడా..." అంటూ బావమరిది తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు.

ఆయన అక్కడున్న పాత టైరు మీద చతికిలబడ్డాడు. అయితే నా కాలు కాదన్నమాట అనుకున్నాడు మొదట. క్లచ్చి మీది ఆ కాలు, అంత మెప్పు పొందిన కాలు, అది కానే కాదన్నమాట. ఆ తర్వాతే మనవడు గుర్తొచ్చాడు. ముందు కాలు గుర్తొచ్చి మనవడు తర్వాత గుర్తొచ్చినందుకు ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మాయికి చెప్పకు బావా" అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "పచ్చి బాలింతరాలు, ఉన్న దిగులు చాలు. గొట్టం మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేస్తాను. పిల్లాడు ఇకనుంచి కారులో ఏడిస్తే, పెద్దవాడవుతున్నాడు, కారు మోజు తీరిందని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?"

ఆయనకు ఆ మాట నచ్చలేదని చెప్పలేం. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. నిజమే, ఎవరికి తెలుస్తుంది? గొట్టం గప్‌చిప్‌గా వెనక్కి వెళ్లిపోతుంది. కూతురి దగ్గర తాను నిద్రపుచ్చే తాతగానే మిగిలిపోతాడు. కానీ పాలు కక్కిన పిల్లాడు కళ్లముందు మెదిలాడు. పొద్దున కూడా మత్తుగా చూసే ఆ చూపు. లోపల ఏమైందో డాక్టరు చూడాలి. చూడాలంటే చెప్పాలి.

"కారు ఇక్కడే ఉంచరా. ఇంజన్ దించు. రింగులు మార్చేదాకా నువ్వు కూడా దీన్ని రోడ్డెక్కించకు" అని తాళాలు బల్లమీద పెట్టి బస్సెక్కాడు.

ఇంటికి వెళ్లేసరికి కూతురు నేలమీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పిల్లాడు పక్కనే బొంత మీద కాళ్లు ఆడిస్తున్నాడు. తండ్రి నడిచి రావడం చూసి, అద్దం అయిందా అని అడిగింది. ఆయన నిలబడే చెప్పాడు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే చెప్పాడు. గొట్టం సంగతి, బిరడా సంగతి, గుడ్డ సంగతి, అన్నీ చెప్పాడు. బావమరిది మీదికి తోయలేదు. అది ఒక్కటే ఆయన చేసిన మంచిపని.

కూతురు చేతిలో చిన్న చొక్కా అలాగే ఉండిపోయింది. "అయితే వాడు నిద్రపోలేదా నాన్నా?" అంది చివరికి. "ఇన్నాళ్లూ... అది నిద్ర కాదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని, వాడు అలా పడుకున్నప్పుడల్లా." అంతే అంది. లేచి పిల్లాడిని గుండెలకు హత్తుకుంది. తండ్రి ఎత్తుకోబోతే పక్కకు తిరిగింది. ఆ తిరగడం ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

ఇంకొకరి టాక్సీలో ఆస్పత్రికి వెళ్లారు. పిల్లల డాక్టరమ్మ అంతా విని, ఎవరినీ ఏమీ అనలేదు. పిల్లాడి వేళ్లు చూసింది, కళ్లు చూసింది, గుండె విన్నది, రక్తం తీయించింది. సూది గుచ్చితే వాడు ఆస్పత్రి దద్దరిల్లేలా ఏడ్చాడు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఇప్పటికైతే భయం లేదు, అద్దం పడిపోవడం మీ అదృష్టం అంది ఆమె. కొన్నాళ్లు ఓ కంట కనిపెట్టి ఉండమంది, మళ్లీ తీసుకురమ్మంది. వేరే పిల్లలెవరైనా ఆ కారెక్కారా అని కూడా అడిగింది. ఆయన తలూపాడు. అయితే వాళ్ల అమ్మలకు కూడా చెప్పండి, ఒకసారి చూపించుకోమనండి అంది. అది మందు చీటీ రాసినంత మామూలుగా అంది.

తిరిగొచ్చేటప్పుడు కూతురు టాక్సీ అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంట్లో తల్లి అన్నం పెడితే రెండు ముద్దలు తిని వదిలేసింది. భార్య మొగుడి వంక చూసి ఏదో అనబోయి, అన్నీ రేపు అందామన్నట్టు పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆయనకు ఆ తిట్లు ఇప్పుడే పడి ఉంటే బాగుండుననిపించింది.

పొద్దు వాలింది. పిల్లాడు మొదలుపెట్టాడు. కాళ్లు ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని, ఎప్పటిలాగే. కూతురు వాడిని ఎత్తుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగింది. అలసిపోయి గుమ్మానికి చేరగిలబడింది. ఆయన దగ్గరికి వెళ్లి చేతులు చాచాడు. ఇస్తుందనుకోలేదు. ఇచ్చింది. క్షమించి ఇచ్చింది కాదు, చేతుల్లో సత్తువ లేక ఇచ్చింది.

ఆయన మనవడిని భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. పిల్లాడు చెవి పక్కనే ఏడుస్తున్నాడు. ప్రతి అడుగుకీ మోకాలు కలుక్కుమంటోంది. వీధి మలుపులో ఉండే దర్జీ భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. ఏడాది నిండని కూతురుంది ఆమెకు. ఊయల కారుకు మొదటి గిరాకీ ఆమే.

"ఏం తాతయ్యా, మీ వాణ్ని కారెక్కించలేదా ఇవాళ? రేపు మా దాన్ని కూడా ఓ రౌండు తిప్పాలి. పళ్లొస్తున్నాయి, ప్రాణం తీస్తోంది."

రేపు కారు లేదమ్మా, రిపేరుకిచ్చాను అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఊరంతా తాతయ్యా అని పిలిచే ఈ పిలుపు రేపటినుంచి ఉండదని ఆయనకు తెలుసు. స్టాండులో నవ్వుతారని తెలుసు. దోమల మందు బండే నయమంటారని కూడా తెలుసు.

"అమ్మా, ఒక మాట చెప్పాలి. మీ ఆయన్ని కూడా పిలువు" అన్నాడు.

పిల్లాడి ఏడుపులో మాట వినపడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. దర్జీ మెడలో టేపుతోనే బయటికొచ్చాడు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు, పాపను రేపు డాక్టరుకు చూపించమన్నాడు. దర్జీ భార్య చేయి నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది, పాప ఉందో లేదో చూసుకోడానికన్నట్టు. దర్జీ మాత్రం కదల్లేదు.

"నమ్మి ఎక్కించాం కదయ్యా నీ కారు" అన్నాడు.

ఆయన తల వంచుకుని తర్వాతి ఇంటికి నడిచాడు. అక్కడ చెప్పాడు. అక్కడివాళ్లు తలుపు మొహమ్మీదే వేశారు. దాని తర్వాతి ఇంట్లో ఒక ముసలామె, నువ్వేం కావాలని చేశావా నాయనా అంది. ఆ జాలి తలుపు వేసినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంకా చాలా ఇళ్లున్నాయి. ఏ ఏ తల్లి ఎక్కిందో గుర్తు తెచ్చుకుంటూ వీధి మధ్యలో నిలబడిపోయాడు. చేయి తిమ్మిరెక్కింది. పిల్లాడు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినా ఆపడం లేదు. ఏడవరా నాన్నా, ఏడువు అనుకున్నాడు.

వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. కూతురు. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. దర్జీ ఇంటి దగ్గరినుంచీ వెనకే వస్తోందో, ఇప్పుడే వచ్చిందో ఆయనకు తెలియదు. ఆయన భుజం మీదినుంచి పిల్లాడిని తీసుకుని తన భుజాన వేసుకుంది. తిరిగి ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాడు.

ఆమె వెళ్లలేదు. మధ్యాహ్నం తర్వాత మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది.

"తర్వాత ఏ ఇల్లు నాన్నా?" అంది.